శాంటా తాతల పాలిటి రాజనర్సయ్య

లోకంలో కొందరికి వంకాయ పడదు. కొందరికి అత్తగారంటే పడదు. రాజనర్సయ్య గారికి శాంటా తాతంటే పడదు.

ఎర్ర కోటు, దూది గడ్డం, చేతిలో గంట, ఈ మూడూ ఒకే మనిషి మీద కనబడ్డాయంటే ఆయన కాళ్ళు ఆగేవి కావు. ఎక్కిన సిటీబస్సు దిగేసి, తాగుతున్న చాయ్ సగంలో వదిలేసి, తిన్నగా ఆ మనిషి ముందుకెళ్ళి నిలబడేవారు. పంజాగుట్ట సర్కిల్ నాలుగు వైపులా వినబడేలా అడిగేవారు.

"ఏయ్ తాతా! పుట్టినరోజు ఎవరిది? ఫొటో ఎవరిది?"

పాపం ఆ శాంటాకేం తెలుస్తుంది? "నాకు తెల్వది సారూ, సేటును అడుగుండ్రి" అనేవాడు.

"సేటునెందుకు అడుగుత? సేటుకు గడ్డమున్నదా? గడ్డం నీకున్నది, నిన్నే అడుగుత. దా! గిట్ల నిలబడి చెప్తే ఎక్కదు నీకు!" అని రెక్క పట్టుకుని సందులోకి లాక్కుపోయేవారు. ఇరవై నిమిషాల దాకా ఆ షాపు ముందు శాంటా ఉండేవాడు కాదు.

రాజనర్సయ్య గారిది మెదక్ పక్క ఓ పల్లె. తాతల నాటి నుంచీ క్రైస్తవులు. రాజనర్సయ్య అన్న పేరుతో చర్చికి వెళ్తారేంటండీ అని ఒకసారి అడిగాను. "మా తాత పేరు సార్ ఇది. తాత ముందు పుట్టిండు, మా ఊర్ల చర్చి తర్వాత కట్టిండ్రు. పేరుకేం ఫికర్?" అన్నారు. తపాలా శాఖలో ముప్ఫై ఐదేళ్ళు కౌంటరు వెనక కూర్చుని, క్యూలో వెనకనున్న వాళ్ళకి కూడా వినబడేలా అరిచి అరిచి, ఆయన గొంతు అదే మట్టంలో బిగుసుకుపోయింది. ఎర్రగడ్డలో కాపురం. రిటైరయ్యాక మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆఫీస్ సూపరింటెండెంట్‌గా చేరారు. హాజరు పట్టీలు, గుర్తింపు కార్డులు, సర్టిఫికెట్లు అన్నీ ఆయన చేతి మీదుగానే.

ఇన్‌స్టిట్యూట్ అంటే జావాలయ టెక్నాలజీస్. నేను, చక్రపాణిని, దానికి మార్కెటింగ్ మేనేజర్ని. భీమవరం నుంచి బయోడేటాతో వచ్చి, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళ మధ్యనే నాకో ఉద్యోగం వెతుక్కున్నవాణ్ణి. రెండువేల ఆరో సంవత్సరం అది. అమీర్‌పేటలో గోడ కనబడితే జావా, స్తంభం కనబడితే డాట్ నెట్, రెండూ లేనిచోట టెస్టింగ్ టూల్స్. కరెంటు తీగ మీద వాలిన కాకి కూడా రెండు ఫ్లెక్సీల మధ్య ఒదిగి కూర్చునేది.

పండగ సరుకు మీద రాజనర్సయ్య గారికి కోపం ఉండేదని అనుకోకండి. ప్లమ్ కేకంటే ప్రాణం. పంజాగుట్ట బేకరీలో క్యూలో నిలబడి మరీ కొనేవారు.

"మరి ఇది కూడా వ్యాపారమే కదండీ?" అన్నాను ఒకసారి.

"కేకుతోని నాకేం పంచాయితీ లేదు సార్. నేనే ప్రభువునని కేకు చెప్పుకుంటలేదు గద."

ఒక చీరల షాపు వాళ్ళు ‘క్రిస్మస్ మహా సేల్, పట్టుచీరలు సగం ధరకే’ అని బోర్డు పెట్టి, గుమ్మంలో శాంటాని నిలబెట్టి, వాడి భుజం మీద ఓ ధర్మవరం చీర వేలాడదీశారు. ఈయన లోపలికెళ్ళి సూపర్‌వైజర్ని పట్టుకున్నారు.

"మరియమ్మ తల్లి పశువుల పాకల పండుకుంటే కప్పుకోను దుప్పటి లేకుండె సార్. మీకాడ సగం ధరకే పట్టుచీరలుండె. జర ముందు చెప్తే అయిపోతుండె!"

ఆ సూపర్‌వైజర్ మావైపు మనిషి. "ఆఫరు ఒకటో తారీఖు దాకా ఉందండీ, ఆవిణ్ణి తీసుకురండి" అన్నాడు.

ఇలాంటి మనిషి కూర్చున్న ఆఫీసులో నాకు క్రిస్మస్ ఆఫర్ ఆలోచన వచ్చింది. ‘క్రిస్మస్ ధమాకా! జావాలో చేరండి, టెస్టింగ్ టూల్స్ ఉచితం!’ పాంప్లెట్ మీద శాంటా బొమ్మ, ఒళ్ళో లాప్‌టాప్. మా యజమాని చలపతిరావు గారు చూసి "శభాష్" అన్నారు. రాజనర్సయ్య గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"సార్, గీ ముసలాయన జావా నేర్చుకున్నడా?"

"ఇది బ్రాండింగ్ అండీ."

"గది సరే. పుట్టినరోజు ఎవరిది?"

"రాజనర్సయ్య గారూ, ఏసు ప్రభువు ఫొటో పాంప్లెట్ మీద వేశామనుకోండి. జనం చదివి రోడ్డు మీద పారేస్తారు. నలుగురూ తొక్కుతారు. బావుంటుందా?"

"గిది సుత నిజమే. పోనియ్యుండ్రి, ముసలాయననే తొక్కనియ్యుండ్రి" అన్నారు.

పాంప్లెట్లు పంచడానికి బోరబండ నుంచి సురేందర్ అనే ఆయన్ని పెట్టుకున్నాం. నలభై దాటిన మనిషి, ఇళ్ళకు రంగులు వేసే పని. నెలరోజులుగా ఆ పని దొరక్క ఈ గడ్డం పెట్టుకోడానికి ఒప్పుకున్నాడు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా మా ఆఫీసున్న మైత్రీవనం ముందు ఫుట్‌పాత్ మీద నిలబడాలి. నిలబడాలి అన్న మాట నేను ఒత్తి చెప్పాను. ‘కూర్చున్న శాంటా కస్టమర్ని లేపలేడు’ అని ఒక సూక్తి కూడా కనిపెట్టాను. శాంటా ఎక్కడైనా కూలబడితే కేకెయ్యమని పై అంతస్తులో కిటికీ దగ్గర సెక్యూరిటీ గార్డుని పెట్టాను. అప్పట్లో దాన్ని నేను మేనేజ్‌మెంట్ అనుకునేవాణ్ణి.

మొదటిరోజే, మధ్యాహ్నం భోజనాల వేళ, కింద నుంచి ఆ గొంతు. "ఏయ్ తాతా!" నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేసరికి రాజనర్సయ్య గారు మా శాంటాని సందు మలుపు తిప్పేస్తున్నారు.

"ఏమైపోయావు సురేందర్?" అన్నాను, తిరిగొచ్చాక.

"పెద్దసారు పట్కపోయిండు సార్. బెత్లెహేం ముచ్చట చెప్తుండు."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

"రోజూ బెత్లెహేమేనా?"

"రోజింత చెప్తుండు సార్. ఇయ్యాల గొర్లకాపర్ల దాక వచ్చినం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన గొర్రెల కాపరుల నుంచి చుక్కని చూసి వచ్చిన జ్ఞానుల దాకా వచ్చేసరికి నా ఆఫర్ గడువు ముగిసిపోతుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది చెప్పకుండా దాటేయాలని ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. కానీ చెప్పకపోతే ఆయన కథ సగమే అవుతుంది.

ఇరవయ్యో తారీఖున ల్యాబ్‌లో క్రిస్మస్ పార్టీ చేశాం. కేకు కోశాక పిల్లలు "సార్, ఏదైనా చేయండి" అని గోల. నేను కళ్ళజోడు ముక్కు చివరికి దించి, జేబులో మూడు పెన్నులు గుచ్చి, రిసెప్షనిస్టు మంజూష నెత్తిన ఎర్ర టోపీ పెట్టి, రెక్క పట్టుకుని అరిచాను. "ఏయ్ తాతా! పుట్టినరోజు ఎవరిది? ఫొటో ఎవరిది?" ఆయన యాస, ఆయన నడక, తపాలా కౌంటరు గొంతు, అన్నీ దింపేశాను. పిల్లలు కుర్చీల్లోంచి జారిపోయారు. నేను రెట్టించాను. చప్పట్లు తగ్గాక చూస్తే, తలుపు దగ్గర కేకు ప్లేటుతో రాజనర్సయ్య గారు.

ఆయన కూడా నవ్వుతున్నారు. "మంచిగ చేసిండ్రు సార్. ‘ఎవరిది’ కాడ జర గొంతు లేవాలె" అన్నారు.

అందరూ మళ్ళీ నవ్వారు. పార్టీ అయ్యాక మంజూష టోపీ తీసి బల్ల మీద పెట్టి, "సార్, ఆయన కేకు తినలేదు. ప్లేటు అలాగే పెట్టేసి వెళ్ళారు, చూశారా?" అంది.

"చూళ్ళేదే" అన్నాను. చూశాను.

చూసినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. మర్నాడు చలపతిరావు గారి గదిలోకి వెళ్ళి, రాజనర్సయ్య గారి వల్ల మన బ్రాండ్ పోతోందని, ఆయన్ని నెలాఖరు దాకా సెలవు మీద పంపేద్దామని చెప్పాను. కాగితం నేనే టైపు చేసి, నేనే పట్టుకెళ్ళి, "మీ పండగ కదండీ, ఈ పదిరోజులూ ఇంట్లో హాయిగా ఉండండి. కంపెనీ తరఫున కానుక అనుకోండి" అన్నాను. కానుక అన్న మాట ఎలా వచ్చిందో నా నోటికి!

ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "మంచిది సార్. డిసెంబర్ల నాకు బయట మస్తు పని ఉంటది" అన్నారు. అది ఎత్తిపొడుపేమో అనుకుని రెండురోజులు ఆయన మీదే ఇంకాస్త కోపం తెచ్చుకున్నాను.

ఇరవై మూడు, శనివారం. అమీర్‌పేట కిక్కిరిసిపోయే రోజు. పొద్దున్నే సురేందర్ ఫోను. కూతురికి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడట. చలపతిరావు గారికి చెప్పాను.

"పాంప్లెట్లు కట్టలు కట్టలున్నాయి. శాంటా లేడు. మన మార్కెటింగ్ మేనేజర్ ఎవరయ్యా?"

"నేనేనండీ."

"కోటు వేసుకో."

వేసుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన కాళ్ళావేళ్ళా పడి, వెనక మెట్ల మీంచి దిగాను. పొట్టకి దిండు, దిండు చుట్టూ ప్లాస్టిక్ తాడు, పైన మందపాటి ఎర్ర మఖమలు కోటు. చెవులకి రబ్బరు బ్యాండుతో గడ్డం. నోరు తెరిచి "హ్యాపీ క్రిస్మస్" అన్నప్పుడల్లా కొంత దూది లోపలికి పోయేది. మా విద్యార్థులే నా చేతిలోంచి పాంప్లెట్ తీసుకుని, నా కళ్ళముందే ముక్కు తుడుచుకున్నారు. ఒకావిడ "బాబూ, కూకట్‌పల్లి బస్సు పోయిందా?" అంది. ఒకాయన పాంప్లెట్ చదివి, "ఉచితం సంగతి తర్వాత, ఉద్యోగం ఇప్పిస్తావా తాతా?" అని నిలదీశాడు. దుమ్ము, ఆటోల పొగ, నడినెత్తిన ఎండ. గంటన్నరకి నడుము, రెండు గంటలకి మోకాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు మనుషులు కనబడటం మానేసి మెట్లు, అరుగులు, గట్లు మాత్రమే కనబడసాగాయి.

మూతబడిన ఫొటోషాపు ముందు ఒక మెట్టుంది. చల్లటి నీడ. అటువైపు ఒక్క అడుగు వేశానో లేదో, పైనుంచి కేక.

"ఏయ్ శాంటా! ఏడికి?"

మా సెక్యూరిటీ గార్డు. నిజాయితీపరుడు. నేను పెట్టుకున్నవాడే.

వెనక్కొచ్చి నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంట్లో దూది పడిందనుకున్నారెవరో. సరిగ్గా అప్పుడే వెనకనుంచి నా రెక్క మీద ఇనప చెయ్యి.

"ఏయ్ తాతా! పుట్టినరోజు ఎవరిది? ఫొటో ఎవరిది? ఏం, మాట్లాడవేం? గంట గొట్టుడు వస్తది గని జవాబు రాదా? సిగ్గుండాలె! దా, నీకు చెప్త!"

గార్డు కిటికీలోంచి చూసి, ‘పట్టిండు మళ్ళ’ అన్నట్టు చెయ్యి ఊపి ఊరుకున్నాడు. నేను నోరు తెరిస్తే గొంతు గుర్తుపడతారని భయం. అలాగే ఈడ్చుకుపోనిచ్చాను. సందులో ఇరానీ హోటల్. గల్లాపెట్టె దగ్గరి సాయిబు మమ్మల్ని చూసి తల కూడా తిప్పలేదు. వంటిల్లు దాటి వెనక గదిలోకి తోసి, రాజనర్సయ్య గారు తలుపు వేశారు.

"కూసో బిడ్డా" అన్నారు.

ఆ గొంతుకి కింది మట్టం ఒకటుందని నాకు ఆరోజు దాకా తెలియదు.

"ముందుగాల నీళ్ళు తాగు. బూట్లు ఇడువు. కాళ్ళు చాపుకో, ఫికర్ లేదు."

గదిలో అప్పటికే ముగ్గురు శాంటాలున్నారు. గోడకి మూడు మేకులు, మేకులకి మూడు గడ్డాలు. మిఠాయి షాపు శాంటా కోటు గుండీలు విప్పి విసురుకుంటున్నాడు. సెల్‌ఫోన్ల షాపు శాంటా తన మూట మీద తలపెట్టి గురక పెడుతున్నాడు. చీరల షాపు శాంటా ముందు పళ్ళెంలో బగారన్నం, పక్కన పెద్ద స్టీలు క్యారియరు.

"కొత్తోనివా అన్నా? గడ్డం తియ్యి, ఈడ ఎవలు సూడరు" అన్నాడతను.

అడ్డంగా తలూపాను. రాజనర్సయ్య గారు చాయ్ అందించారు. గడ్డంతోనే తాగాను. సగం నేను, సగం దూది.

"మా సూపర్‌వైజర్ కూసోనియ్యడే" అని అతనే చెప్పుకొచ్చాడు. "మనంతల మనం పోతే పని తీసేస్తడు. పెద్దసారు తిట్టుకుంట గుంజుకపోతే ఏమనడు. పిచ్చోడు పట్టిండు, ఏం జేస్తమనుకుంటడు. గందుకే సారు ఎంత గట్టిగ తిడితే మనకు అంత సేపు దొరుకుతది."

నాకు పొలమారింది. గొంతు మార్చి, గడ్డంలోంచి అడిగాను. "అయితే శాంటా అంటే కోపం ఉత్తిదేనా?"

"ఉత్తిదెందుకైతది?" అన్నారు రాజనర్సయ్య గారు, అన్నం వడ్డిస్తూ. "పుట్టినోణ్ణి పక్కకు వెట్టి దుకాణాలోళ్ళు ముసలాయన్ని నిలవెడితే కోపం రాదా? కని గా కోపం కోటు మీద. కోటు లోపలున్నోడు ఏం జేసిండు? నాలుగేండ్ల కింద గిట్లనే ఒక తాతను పట్టుకుని పుట్టినరోజు ఎవరిదని అడుగుతున్న. అడుగుతుంటనే కింద పడ్డడు. పొద్దటి సంది నిలవడే ఉన్నడంట, తిండి లేదు. మరియమ్మ తల్లికి సత్రంల జాగ లేదన్నోణ్ణి నేను ఏటేటా తిట్టుకునేటోణ్ణి బిడ్డా. ఆ పొద్దు నాకే సిగ్గయింది. జాగ లేదని ఆయనన్న చెప్పిండు. నేనైతే కూసుంటవా అని అడగనే లేదు." ఆయన నవ్వారు. "తిట్టుడు బంద్ చేద్దమనుకున్న, నాతోని కాలే. సరే, తిట్టుడుతోనే పని తీస్కుందమని సాయిబును జాగ అడిగిన."

"నీది జావా ఆఫీసు గద అన్నా?" అన్నాడు చీరల షాపు శాంటా, నా చేతిలో పాంప్లెట్లు చూసి. "గా మేనేజర్ సుత మస్తు కటువంట. సురేందర్ చెప్పిండు."

"చెడ్డోడు కాదు" అన్నారు రాజనర్సయ్య గారు వెంటనే. "పిల్లగాడు. ఎన్నడు నిలవడి సూడలే, గంతే. ఆయన దయతోనే గద మీరిందరు కూసున్నరు! ఇదివరకు భోజనం టైములనే వస్తుంటి, ఒక్కలిద్దరికే అయ్యేది. గిప్పుడు పదిరోజులు సెలవిచ్చిండు. నలుగురైండ్రు."

ఆయన వెక్కిరించి ఉంటే తట్టుకునేవాణ్ణి. లెంపకాయ కొట్టినా తట్టుకునేవాణ్ణేమో. నేను రబ్బరు బ్యాండు లాగి, గడ్డం తీసేశాను.

రాజనర్సయ్య గారు గరిటెతో అలాగే నిలబడిపోయారు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా మొహం పాలిపోయింది.

"సార్... మీరా సార్! సురేందర్‌ది ఏం తప్పు లేదు సార్. నేనే పట్కచ్చిన. ఆయన పని తీసెయ్యకుండ్రి."

"తప్పు నాదండీ" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. పార్టీ సంగతి, కాగితం సంగతి. గొంతులో దూది అడ్డం పడింది. దూదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన నా మొహంలోకి ఒక్క నిమిషం చూశారు. "తిన్నరా సార్?"

"లేదండీ."

"తినుండ్రి. మా ఇంటామె చిలకమ్మ వండింది. ఉప్పు తక్కువైతే నన్ను తిట్టుండ్రి, ఆమెను తిడితే ఊకోదు."

మిఠాయి షాపు శాంటా జరిగి నాకు బల్ల మీద చోటిచ్చాడు. తిన్నాను. నా పెళ్ళిభోజనం కూడా నేనంత ఆబగా తినలేదు.

తర్వాత సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ సాయంత్రమే సెలవు కాగితం చింపేశాను. పండగ మర్నాడు ల్యాబ్‌లో అందరి ముందూ ఆయనకి క్షమాపణ చెప్పాను. పిల్లలెవరూ నవ్వలేదు. కూతురికి తగ్గి సురేందర్ పనిలోకి వచ్చేసరికి, ఫుట్‌పాత్ మీద పెద్ద గొడుగు కింద కుర్చీ వేయించి ఉంచాను. చలపతిరావు గారు కనుబొమలెత్తితే, "కూర్చున్న శాంటా ఒళ్ళో పిల్లలు ఫొటో దిగుతారండీ. బ్రాండింగ్" అన్నాను. "శభాష్" అన్నారు.

కానీ నాకు బాగా గుర్తున్నది, ఆరోజు ఆ హోటల్ గదిలోంచి బయటికొచ్చిన క్షణం. నేను మళ్ళీ గడ్డం తగిలించుకున్నాను. రాజనర్సయ్య గారు తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగారు. ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీ గార్డు సూస్తుంటడు. ఆడిదాక నేను జర తిట్టాలె."

"తిట్టండి."

"మీరు సుత యాక్షన్ చెయ్యాలె సార్. మస్తు తిట్లు తిన్నోని లెక్క తల కిందికి వెయ్యాలె. వస్తదా మీకు?"

సందులోంచి రోడ్డు మీదికి వచ్చాం. ఆయన అందుకున్నారు. సిగ్గు లేదా అన్నారు, బుద్ధి లేదా అన్నారు, ఈ వయసులో నీకు ఎవరు చెప్పాలె అన్నారు. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. నాకు యాక్షన్ చేయాల్సిన అవసరమే రాలేదు. తల దానంతటదే దిగిపోయింది.

ఆయన ఒక్క క్షణం తిట్లు ఆపి, నా చెవి దగ్గరికి వంగి, మెచ్చుకోలుగా అన్నారు.

"శానా మంచిగ చేస్తున్నరు సార్!"